ఎర్రబండాయనకు ఒక విస్తరి

మా పుట్టింట్లో పెత్రమాస నాడు, అంటే చనిపోయిన పెద్దలకు పెట్టుకునే అమావాస్య నాడు, పెద్దలకంటే ఒక విస్తరి ఎక్కువ పడుతుంది. తాతకు, నాయనమ్మకు, నాయనకు, అమ్మకు, పెద్దవ్వకు వరుసగా వేశాక, చివర గోడవారగా ఎర్రబండాయనకు ఒకటి. అన్నం, మాంసం కూర, గారెలు, మోదుగాకు దొప్పలో ఇంత కల్లు. మా తమ్ముడు నర్సింలు ఆ విస్తరి చుట్టూ కూడా నీళ్ళు తిప్పి, వంగి దండం పెడతాడు. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్ళు ఆయనెవరని అడిగితే, "మనోడు గాదు గని మనింట్ల తింటడు" అని చెబుతాం. అంతకుమించి మాకూ తెలియదు. తెలియకుండానే ఇన్నేళ్ళూ ఆయనను మా పంటలు కాయమని, పిల్లల జ్వరాలు తగ్గించమని వేడుకున్నాం. పంటలు పండాయి, జ్వరాలు తగ్గాయి. ఎవరు చేసిందో నాకు తెలియదు గానీ చేసినవారికి నా దండాలు.

మొన్న చలికాలంలో ఒక మధ్యాహ్నం, జహీరాబాద్‌లో నేను ఉంటున్న ఇంటికి షబానా అనే అమ్మాయి వచ్చింది. భుజాన బరువు సంచి, కాళ్ళకు మగవాళ్ళ బూట్లు, చేతిలో సుత్తె. గ్యాస్ పొయ్యి బాగుచేయడానికి వచ్చిందనుకుని నేరుగా వంటింట్లోకి తీసుకుపోయాను. పాపం ఆ పిల్ల పొయ్యిని కూడా మర్యాదగా చూసి, తరువాత చెప్పింది, తాను హైదరాబాద్‌లో రాళ్ళ మీద పెద్ద చదువు చదువుతున్నానని. కోహీర్ పక్కన మా ఊళ్ళో, మా చేలోని పాత బావి పక్కనున్న మట్టిదిబ్బలో ఆమెకు రాతి నత్తగుల్లలు దొరికాయట. సంచిలోంచి తీసి నా అరచేతిలో పోసింది. చిన్నప్పుడు వాటితో పచ్చీసు ఆడేవాళ్ళం.

"ఆ బావి తవ్వినప్పుడు మీరున్నరంట కదా ఆంటీ. మా అక్కకే అన్నీ యాదుంటయ్ అన్నడు నర్సింలన్న."

"ఉన్న బిడ్డా. ముందు చాయ్ తాగు."

ఆమె చాయ్ చేతిలో పట్టుకుని నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. పైన నల్లరాయి ఉంది కదా, అది ఒకప్పుడు నేల పగిలి పొంగి పారిన నిప్పు. కింద ఉన్న నల్లరాయి కూడా అంతే. ఒక నిప్పు చల్లారి, రెండోది పొంగేలోపు మధ్యలో చాలా కాలం ఇక్కడొక ఏరు పారింది. ఆ ఏరు వేసిన ఇసుకే గట్టిపడి ఎర్ర ఇసుకరాయి అయింది. ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందటి సంగతి. అందులో నత్తలు దొరుకుతాయి గానీ ఎముకలు దొరకడం మహా అరుదు. ఈ వైపు ఏమీ దొరకవని వాళ్ళ సార్ ముందే చెప్పాడట.

"ఎముకలేమన్న చూసిన్రా ఆంటీ, అప్పుడు?"

"చూసుడేంది బిడ్డా, వాటికి దినం గూడ జేసినం."

ఆ పిల్ల చాయ్ గ్లాసు కింద పెట్టింది.

చెప్పాలంటే మా పెద్దవ్వ దగ్గర మొదలుపెట్టాలి. మా ఊరి ఇల్లు ఎర్రరాతిది, భూమిలోంచి చెక్కి తెచ్చిన దిమ్మెలతో కట్టింది. గోడల కింది సగానికి వారానికోసారి జాజు పూసేవాళ్ళు. జాజంటే ఎర్రమట్టిని నానబెట్టి, వడగట్టి, గుడ్డతో పూసే నీళ్ళు. ఎంత పూసినా అది అంటుతూనే ఉండేది. గోడకు ఆనుకుని కూర్చున్నవాళ్ళందరి వీపులూ ఎర్రగా ఉండేవి కాబట్టి, కోహీర్ అంగట్లో మా ఇంటి మగవాళ్ళను వెనకనుంచి కూడా గుర్తుపట్టేవాళ్ళు. తడి జాజు వాసన, పెనం మీద జొన్నరొట్టె అంచు మాడే వాసన, పెద్దవ్వ తలకు రాసుకునే ఆముదం వాసన, ఈ మూడూ కలిస్తే నా బాల్యం. ఇప్పుడు మా వీధిలో వాన పడిన మొదటి నిమిషంలో మొదటిది కాస్త వస్తుంది. మిగతా రెండింటి కోసం ముక్కు వెతుక్కుంటుంది.

పెద్దవ్వ పేరు సాయమ్మ. మా తాత వీరప్పకు అన్న భార్య. మా నాయనమ్మ నేను పుట్టకముందే పోయింది కాబట్టి ఇంటి తాళాలు, వంటిల్లు, పశువుల కొట్టం, మా తాత కోపం, అన్నీ పెద్దవ్వ చేతిలోనే ఉండేవి. నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆమే. బడి కోహీర్‌లో ఉంది, ఆడపిల్ల ఒక్కతి చేలెంబడి నడవొద్దని నాయన నన్ను పంపలేదు. ఇంట్లో ఉన్న అచ్చు కాగితమల్లా ఒక పాత పంచాంగం. అందుకే నేను మొట్టమొదట కూడబలుక్కుని చదివిన మాటలు అమ్మ, ఆవు కావు. వర్జ్యం, దుర్ముహూర్తం. లోకంలో మంచి ఘడియలకంటే చెడ్డ ఘడియలే ఎక్కువని ఆరేళ్ళకే నాకు తెలిసిపోయింది. అయినా ఆ చిరిగిన కాగితాల పుణ్యాన ఇవాళ నాలుగు వాక్యాలు రాస్తున్నాను. నేర్పిన చేతికి మొక్కుతాను.

ఆ చేయి పొద్దున చేసే మొదటి పని బొట్టు. స్నానం కాగానే తూర్పు కిటికీ దగ్గర చిన్న గుండ్రటి అద్దం పెట్టుకుని కూర్చునేది. వేలితో నుదుట మైనం రాసి, గుండ్రంగా దిద్ది, దాని మీద కుంకుమ అద్దేది. రూపాయి బిళ్ళంత. ఆ కాసేపు ఇల్లు అంటుకున్నా ఆమెను పిలవకూడదు. దేవుడి గదిలో కూడా ఆమె అంత శ్రద్ధగా కూర్చోవడం నేను చూడలేదు, ఈ మాట ఇప్పుడు ధైర్యంగా అంటున్నాను. ఎందుకంత శ్రద్ధో ఊరందరికీ తెలుసు. ఆ బొట్టు పెట్టుకునే హక్కు ఆమెకు ఉందో లేదో ఎవరూ తేల్చి చెప్పలేని స్థితి.

ఆమె భర్త మాణిక్యప్ప, ఆయన తమ్ముడు మా తాత, ఇద్దరూ ఒకే అచ్చులో పోసిన బెల్లం దిమ్మల్లా ఉండేవాళ్ళట. పొట్టి, గట్టి, గుండ్రం. ఇద్దరికీ కలిపి ఒకటే ఊలు కోటు, అది ఇద్దరికీ అతికినట్టు సరిపోయేది. అందుకని చలికాలం పెళ్ళిళ్ళకు ఎప్పుడూ ఒకరే వెళ్ళేవాళ్ళు. బావి ఎక్కడ తవ్వాలనే దగ్గర ఇద్దరికీ పడలేదు. పల్లపు చేలో తవ్వుదామని పెద్దాయన, ఎగువన ఎర్ర గడ్డ దగ్గర తవ్వుదామని తాత. నలుగురిలో తాత నోరు జారి, "నీకు తెల్వి ఉంటే గదనే" అన్నాడట. పెద్దాయన రుమాలు చుట్టుకుని నడిచి వెళ్ళిపోయాడు. ఎర్ర గడ్డ మీదుగా వెళ్ళడం చూశామన్నవాళ్ళు ఉన్నారు గానీ ఎక్కడికి చేరాడో చూసినవాళ్ళు లేరు. షోలాపూర్ మిల్లులో కనిపించాడని ఒకరు, బీదర్‌లో సన్యాసుల్లో కలిశాడని ఒకరు. నేను పుట్టేనాటికే ఇదంతా పాతబడిన కథ. తాత మాత్రం బావి మాటెత్తడం మానేశాడు.

ఆయన వెళ్ళి పన్నెండేళ్ళు దాటాక కిష్టయ్య పంతులు ఇంటికొచ్చి, శాస్త్రంలో దారి ఉందన్నాడు. గడ్డితో మనిషిని చేసి దహనం చేయవచ్చు, పోయినవాడికి గతులు దొరుకుతాయి అని. పెద్దవ్వ చాటలో జొన్నలు చెరుగుతూనే జవాబిచ్చిందని అమ్మ చెప్పేది. "గడ్డిబొమ్మ కోసం నా గాజులు పలగ్గొట్టుకోవాల్నా పంతులూ. గా గడ్డి ఆవుకెయ్యి, పాలన్న ఇస్తది." పంతులు మళ్ళీ అడగలేదు. అడగకపోవడానికి కారణం ఉంది. అప్పట్లో ఆ బొట్టు తీస్తే తీసేది బొట్టొక్కటే కాదు. మా ఊళ్ళో ప్రతి పెళ్ళిలో పసుపు దంచేటప్పుడు మొదటి రోకటి పోటు పెద్దవ్వదే. అది పోతుంది. పొద్దున్నే గడపలో నిలబడే వీలు పోతుంది, ఆమె ఎదురొస్తే పొలానికి పోయేవాడు వెనక్కి తిరుగుతాడు. తాళాలు మా అమ్మ నడుముకు మారతాయి. బతికున్నన్నాళ్ళూ గోడ పక్కన కూర్చుని, మాసిన చీరతో, పిలిస్తేనే పలకాలి. ఆమె వయసు అప్పటికి యాభై కూడా లేదు.

తరువాత వరసగా వానలు ఎగ్గొట్టాయి. వేరే దారి లేక తాత బావి తవ్వించడానికి పూనుకున్నాడు, ఎర్ర గడ్డ దగ్గరే. మేస్త్రీ ఎల్లప్ప తన మనుషులను తెచ్చుకున్నాడు. రోజూ మధ్యాహ్నం పెద్దవ్వ వాళ్ళకు అంబలి, రొట్టెలు తీసుకుపోయేది, ఉల్లిగడ్డల మూట మోయడం నా ఉద్యోగం. నల్లరాయికి తూటాలు పేల్చి పేల్చి పది గజాలు దిగాక ఎర్రబండ తగిలింది. మెత్తగా, సమ్మెట వేస్తే బెల్లంలా విరిగేది. అందరూ సంతోషించారు. నత్తగుల్లలు మా పాలిట పడ్డాయి. ఒకరోజు మేము వెళ్ళేసరికి సమ్మెట చప్పుడు లేదు. ఎల్లప్ప తలపాగా తీసి ఒడిలో పెట్టుకుని ఒడ్డున కూర్చున్నాడు.

"పటేలా, లోపట మనిషున్నడు" అన్నాడు మా తాతతో.

గోనెపట్టా మీద మూడు ముక్కలు పెట్టారు. ఎర్ర ఇసుక అంటుకున్న ఎముక. ఒక కొన రోకలి బొడ్డులా ఉబ్బి ఉంది. నేను ఎత్తబోతే కదల్లేదు. "ఎవలో ఏందో, దినం గాందే మావోళ్ళు సమ్మెట ముట్టరు" అని ఎల్లప్ప తేల్చి చెప్పాడు. తాత ఆ ముక్కల పక్కన చతికిలబడి, పొద్దు వాలేదాకా అలాగే ఉన్నాడు. ఇంటికొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, "అన్న దొరికిండు" అన్నాడు.

పదిగజాల బండలోపలికి మనిషి ఎలా వెళ్ళాడని అడగాలనిపించిన వాళ్ళు ఊళ్ళో ఒకరిద్దరు ఉండి ఉంటారు, కానీ అడగలేదు. అక్కడ ఒకప్పుడు పాత గుంత ఉండేదని, ఆ సాయంత్రం అందులో పడ్డాడని, వానలకు పూడిపోయిందని తెల్లవారేసరికి కథ సిద్ధమైంది. మధ్యాహ్నానికి ఆనాడు ఒక కేక విన్నవాళ్ళు ముగ్గురు తేలారు. సాయంత్రానికి ఆ కేకకు తాను బదులు కూడా పలికానని ఒకాయన చెప్పాడు. మా తాతను ఎగతాళి చేయడానికి ఇప్పుడు నాకు మనసు రాదు. ఆయనకు నీళ్ళు కావాలి, నిజమే. దానికంటే ఎక్కువగా, అన్న ఎక్కడో ఒకచోట ఉండటం కావాలి. తన మాటకు నొచ్చుకుని వెళ్ళినవాడు నాలుగడుగులు కూడా దాటలేదని తెలిస్తే ఏడవొచ్చు, దహనం చేయొచ్చు, నిద్రపోవచ్చు. ఆ నిద్రకు ఎవరి బొట్టు ఖర్చవుతుందో ఆయన ఆలోచించలేదు. ఆలోచించినా ఆగేవాడు కాదేమో.

మరునాడు వాకిట్లో జనం. పంతులు చాపమీద. ఎముకలు గోనెపట్టా మీద, వాటి మీద చామంతి పూలు కూడా పడ్డాయి. రాయికోడ్ నుంచి పెద్దవ్వ తమ్ముడు మొదటి బస్సుకే దిగిపోయాడు. ఇలాంటప్పుడు పుట్టింటివాళ్ళు తెచ్చే చీర సంకలో పెట్టుకున్నాడు, ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడ్డాడు. ఆడవాళ్ళు లోపలికి చూస్తున్నారు. పెద్దవ్వ కిటికీ దగ్గర అద్దం ముందు కూర్చుని ఉంది. ఎవరూ పిలవలేదు. లేచి వచ్చినప్పుడు ఆ బొట్టు రోజూ కంటే పెద్దగా ఉంది.

ఎముకల చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. తరువాత తాతవైపు తిరిగింది.

"వీరప్పా, జర గీడ కూసో."

"ఎందుకు వదినె?"

"కాళ్ళు సాపు."

"పది మంది ఉన్నరు వదినె."

"పది మంది ముంగటనే గద నన్ను ముండను జేస్తున్నవ్. సాపు."

మా తాత మాటకు ఎదురు చెప్పినవాడు ఆ ఊళ్ళో లేడు. వదిన మాటకు ఎదురు చెప్పడం మా తాతకు రాదు. కూర్చుని కాళ్ళు చాపాడు. పెద్దవ్వ ఎల్లప్పను పిలిచి మూడు ముక్కలూ మోయించి, విరిగిన అంచుకు విరిగిన అంచు కలిపి, తాత పక్కన నేల మీద వరసగా పెట్టించింది. పంచె తొడదాకా జరిపి, రోకలి బొడ్డులాంటి కొనను ఆయన నడుము పక్కకు ఆనించింది. ఎముక తొడ దాటింది, మోకాలు దాటింది, మడమ దాటి ఇంకా జానెడు ముందుకు వెళ్ళి ఆగింది. మా తాత తన కాలువైపూ దానివైపూ మార్చి మార్చి చూశాడు.

"గిది ఒక్క తొడబొక్కనే" అంది పెద్దవ్వ. "నువ్వు, మీ అన్న ఒకటే కొలత. ఒక్క కోటు ఇద్దరు తొడిగిన్రు. నా మొగని తొడ గింత లేదు. నాకెరికలేదా."

ఎల్లప్ప మొహం అటు తిప్పుకున్నాడు, అతని భుజాలు కదులుతున్నాయి. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

పంతులు గొంతు సవరించుకున్నాడు. "పూర్వపు మనుషులు ఆజానుబాహులమ్మా. ఇప్పటోళ్ళ లెక్క గాదు."

"పూర్వమేంది పంతులూ, ఆయన నీతోటి గోలీలాడిండు. నువ్వెంతున్నవో ఆయన గంతే."

"సచ్చినంక బొక్క పెరుగుతదేమో అక్కా" అన్నాడు రాయికోడ్ తమ్ముడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"పెరిగితే మన ఊరి బొందలగడ్డ ఈపాటికి కోహీర్ దాటాలె. నువ్వు గా చీర మీ ఆడదానికియ్యి పో."

అప్పుడిక నవ్వు ఆగలేదు. పంతులు కూడా నవ్వాడు. నవ్వులో మేమెవ్వరం చూడలేదు, తాత ఏడుస్తున్నాడు. కాళ్ళు చాపుకుని, పంచె పైకి జరిగి, చిన్నపిల్లాడిలా. "మరి అన్న యాడున్నడు వదినె" అన్నాడు. పెద్దవ్వ వంగి ఆయన పంచె మోకాళ్ళ కిందికి సర్దింది. "ఉన్నకాడ ఉన్నడు. నీ మీద కోపమైతే లేదు. నేను జెప్తున్న గద" అంది. ఓదార్పు మాట అనుకున్నాం అందరం.

కానీ ఎల్లప్ప మనుషులకు దినం కావాలి. ఎవరిదో తెలియని ఎముకకు దినం ఎవరు చేస్తారు? నేను చేస్తానంది పెద్దవ్వ. మన చేలో దొరికాడు కాబట్టి మన చుట్టమే, దిక్కులేనివాళ్ళకు చేస్తే దేవుడు కాదంటాడా అంది. గోత్రం ఏం చెప్పాలని పంతులు అడిగితే "ఎర్రబండ గోత్రం" అంది. పంతులు ఒక్క క్షణం తటపటాయించి, మంత్రంలో ఆ మాటను ఇరికించేశాడు. సంస్కృతంలో అది బాగానే వినిపించింది. రాయి కాలదు కాబట్టి పూడ్చాలని నిర్ణయించారు. చేను గట్టు మీద గుంత తీసి, పెద్ద కాగులో పెద్దవ్వే తన చేత్తో పేర్చి, మూత పెట్టి మట్టి కప్పించింది. చుట్టం కాని వాడికి మైల అక్కర్లేదని పంతులు చెప్పినా వినకుండా పదకొండు రోజులు కటిక నేల మీద పడుకుంది, ఒక్కపూటే తింది. మరీ విడ్డూరం అనుకుంది అమ్మ. పదకొండో రోజు ఊరందరికీ భోజనాలు. ఎల్లప్ప మనుషులు మూడేసి సార్లు వడ్డించుకుని, తేన్చి, సమ్మెటలు పట్టుకున్నారు. ఎర్రబండ కింద మళ్ళీ నల్లరాయి, దాని పగులులో నీళ్ళు. తియ్యటి నీళ్ళు. ఆ ఏడు మా ఊళ్ళో సగం మంది ఆ బావి నీళ్ళే తాగారు. అప్పటినుంచి ఎర్రబండాయనకు విస్తరి.

పెద్దవ్వ తరువాత చాలా ఏళ్ళు బతికింది. మాణిక్యప్ప రాలేదు. ఆమె పోయినప్పుడు చేతుల నిండా పచ్చ గాజులు తొడిగి, నుదుట మైనం రాసి నేనే బొట్టు పెట్టాను. ముత్తైదువగా వెళ్ళిందని ఊరి ఆడవాళ్ళు వరస కట్టి పాదాలు ముట్టుకున్నారు.

ఇదంతా నేను చెప్పేసరికి షబానా చాయ్ మీద మీగడ కట్టింది. అది మనిషి కాదని, పొడుగు మెడ, ఏనుగులకంటే పెద్ద ఒళ్ళు ఉన్న రాక్షసిబల్లి కావచ్చని, చూస్తేగాని చెప్పలేనని అంది.

"ఏం తింటది బిడ్డా అది?"

"ఆకులు ఆంటీ. ఉత్త ఆకులే."

"అయ్యో. మేమిన్నేండ్లు మాంసం పెట్టినం. కల్లు గూడ."

"కల్లు సంగతి తెల్వదు ఆంటీ" అంది ఆ పిల్ల, చాలా సీరియస్‌గా.

నర్సింలు ఫోన్‌లో ఒప్పుకోలేదు. "పెద్దల గుంత తవ్వుతమా అక్కా, పాపం గాదా" అన్నాడు. ఒక రోజంతా ఆలోచించాను. దేవుడి ముందు దీపం పెట్టి అడిగాను. ఆయన ఎప్పటిలాగే ఏమీ అనలేదు, ఆయన మౌనాన్ని నాకు అనుకూలంగా అర్థం చేసుకోవడం నాకు అలవాటే. ఆరున్నర కోట్ల ఏళ్ళు చీకట్లో ఉన్న ప్రాణిని బయటికి తెచ్చి, ఒక్క పూట ఎండ చూపించి, మనమే మళ్ళీ చీకట్లో పెట్టాం, ఇక చాలు అన్నాను నర్సింలుతో. సరే అక్కా, మరి నువ్వే ముందు కొబ్బరికాయ కొట్టు, పాపం ఏమన్నా ఉంటే నీకే రావాలి అన్నాడు. కొట్టాను.

ఆ గట్టు చుట్టూ ఇప్పుడు నర్సింలు జామతోట. కాగు మూత పగిలిపోయింది గానీ ముక్కలు అలాగే ఉన్నాయి. షబానా కుంచెతో మట్టి తుడిచి, ఎముకలోని సన్నటి రంధ్రాలు భూతద్దంలో చూసి, నేలమీద కూలబడింది. "ఏం దొరకదన్నడు ఆంటీ మా సార్" అంది చివరికి, కళ్ళు తుడుచుకుంటూ. మూడు ముక్కలూ తీశాక కాగు అడుగున చేయి పెట్టింది. చివికిన గుడ్డపేలికలు వచ్చాయి, వాటిలో చిలుం పట్టిన చిన్న ఇత్తడి డబ్బీ. వక్కాకు వేసుకునేవాళ్ళు సున్నం పెట్టుకునేది. బొటనవేలితో రుద్దింది.

"మీద ఉర్దూల పేరు చెక్కి ఉన్నది ఆంటీ."

ఆ రోజుల్లో మా వైపు గిన్నెల మీద పేర్లు ఉర్దూలోనే చెక్కించేవాళ్ళు. నాకు ఆ అక్షరాలు రావు. "చదువు బిడ్డా" అన్నాను.

"మాణిక్. అప్ప. మాణిక్యప్ప. ఎవరు ఆంటీ?"

నేను గట్టు మీద కూర్చున్నాను. నర్సింలు జామచెట్ల మధ్య ఫోన్ మాట్లాడుతున్నాడు. వక్కాకు వేసుకునేటప్పుడల్లా తమలపాకుకు గోరుతో సున్నం రాస్తూ పెద్దవ్వ సణిగేది, ఉన్న ఒక్క డబ్బీ ఆయన మొలలో పెట్టుకుని పోయిండని. కోపంగా వెళ్ళినవాడు ఒంటి మీది బట్టలతో, ఆ డబ్బీతో వెళ్ళాడు. అతనితో వెళ్ళింది అతను లేకుండా తిరిగి వచ్చిందంటే, ఎవరో తెచ్చి ఇచ్చారు. ఒట్టి డబ్బీ ఎవరూ ఊరికే తెచ్చి ఇవ్వరు, దానితోపాటు ఒక కబురు కూడా ఇస్తారు. ఎప్పుడు, ఎవరు, షోలాపూర్ నుంచో, బీదర్ నుంచో, తెలియదు. కానీ ఆ కాగు మూసేనాటికి అది ఆమె దగ్గర ఉంది. ఎముకను మా తాత కాలి పక్కన పెట్టించి కొలిచిన రోజుకు కూడా ఉండి ఉంటుంది. మీ అన్నకు నీ మీద కోపం లేదని ఆమె అన్నది ఓదార్పు కాదు, కబురు. పదకొండు రోజులు కటిక నేల, ఒంటిపూట భోజనం, ఊరందరికీ వడ్డన. మొగుడి దినం ఆమె ఒక్క లోటు లేకుండా చేసింది, ఊరంతటి చేతా చేయించింది, పంతులు చేత మంత్రాలు చదివించింది, పైగా రూపాయి బిళ్ళంత బొట్టుతో. గోడవారన పడుతున్న ఆ విస్తరిలోని మాంసం, కల్లు తినాల్సినవాడికే చేరాయి.

మా ఆయన పోయినప్పుడు పదకొండో రోజు నాలుగిళ్ళ ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. నేను బొట్టు తీయను అన్నాను. ఒకావిడ మూతి తిప్పింది, మా కోడలు ఫ్యాన్సీ దుకాణం నుంచి స్టిక్కర్ల ప్యాకెట్ తెచ్చి నా చేతిలో పెట్టింది, అంతటితో అయిపోయింది. ఇప్పుడు జహీరాబాద్ కూరగాయల మార్కెట్‌లో నా నుదురు వంక చూసేంత తీరిక ఎవరికీ లేదు. నాకు ఒక ప్యాకెట్ సరిపోయింది. ఆమెకు అంత పెద్ద జంతువు కావలసి వచ్చింది. రెండింటికీ మధ్య ఎంతమంది ఆడవాళ్ళు ఎన్ని అబద్ధాలు మోశారో, వారందరికీ ఆ గట్టు మీదే చేతులు జోడించాను. ఆమె ఏడుపు ఎక్కడ ఏడ్చిందో మాత్రం నాకు అంతుపట్టలేదు. ఏడవడానికి కూడా ఆ ఇంట్లో ఆమెకు ఒక కారణం చూపించాలి కదా.

నర్సింలు వచ్చి "ఏందక్కా అది" అన్నాడు. "సున్నం డబ్బీ" అన్నాను. దాన్ని మళ్ళీ కాగులో పెట్టి, నా చేత్తోనే మట్టి కప్పాను. షబానా చూసింది, అడగలేదు. మంచి పిల్ల.

ఎముకలను దూదిలో, పాత పేపర్లలో చుట్టి డబ్బాలో పెట్టాక ఆమె ఒక అట్టచీటీ తీసింది. దొరికిన చోటు రాసింది, రాయి రకం రాసింది.

"దాచిపెట్టినోళ్ళ పేరు రాయాలె ఆంటీ. మీదా, నర్సింలన్నదా?"

"సాయమ్మ."

రాసింది.

"ముంగట శ్రీమతి పెట్టు."

"ఎముకల చీటీ మీద గవేం పెట్టరు ఆంటీ."

"నువ్వు పెట్టు బిడ్డా."

ఆ పిల్ల నా మొహంలోకి ఒకసారి చూసి, పేరుకు ముందు జాగా సరిపోకపోతే పక్కన కాస్త పైకి, చిన్న అక్షరాలతో పెట్టింది. ఇంకా పెద్దగా పెట్టమన్నాను.